విషయం: పురుడు కారు ఇంజనులో వినవచ్చు శబ్దం

పెంటపాడు,
12 అక్టోబరు 2003

గౌరవనీయులైన క్రిస్టినా అక్కగారి సముఖమునకు, తమ్ముడు రాజ్ కుమార్ వందనములు చేసి విన్నవించుకొనునది.

ఇక్కడ మేమందరం క్షేమం. మీ కాలి కట్టు ఇంకా తీయలేదని మీ మరదలు రత్నం చెప్పింది. పాలిటెక్నిక్‌లో ఇరవై ఏళ్ళుగా ఆటోమొబైల్ పాఠాలు చెబుతున్న మీరు, మీ వర్క్‌షాపులోనే, మీ విద్యార్థి ఒలకబోసిన ఇంజనాయిలు మీద కాలు జారి పడడం మన కుటుంబానికి విచారకరమైన విషయం. అయితే జారినది మంచి రకం ఆయిలు మీదేనని తెలిసి కొంత ఊరట కలిగింది.

ఇక ముఖ్య విషయం. విక్టోరియా అత్తయ్య కారులో శబ్దం వస్తోంది.

కారు చరిత్ర మీకు తెలియక కాదు, రికార్డు కోసం రాస్తున్నాను. 1951 నాటి విలాయతీ చిన్న కారు. మిషన్ డాక్టరుగారు స్వదేశం వెళ్ళిపోతూ మన మేనత్తకు ఇచ్చి వెళ్ళారు. మిషన్ నర్సుగా ఆమె ఈ కారులోనే కొల్లేటి గట్ల వెంట తిరిగి ఊరూరా పురుళ్ళు పోసింది. లంక గ్రామాలలో దీనిని ఇప్పటికీ పురుడు కారు అనే అంటారు. నర్సుల బడి స్వర్ణోత్సవం డిసెంబరు పద్నాలుగున ఏలూరులో, బడి ఉన్న మిషన్ ఆసుపత్రి ఆవరణలోనే జరుగుతుందనీ, మొదటి బ్యాచిలో మిగిలిన ఒకే ఒక్కరిగా అత్తయ్యకు సన్మానం చేస్తారనీ ఉత్సవ సంఘం వారు కబురు పంపారు. అత్తయ్య ఇచ్చిన జవాబును యథాతథంగా పొందుపరుస్తున్నాను.

"నా కారులో వస్తాను. అది రాకపోతే నేనూ రాను. ఇంకొకళ్ళ బండి దిగి ఆ గేట్లోకి నడిచే ఖర్మ నాకేం పట్టలేదు."

ఈ నిర్ణయం వెలువడిన మూడో రోజున శబ్దం మొదలైంది. టకటకమని వస్తోంది. గత నెలలో ఆయిలు విషయమై మనం ఫోనులో మాట్లాడుకున్నదానిలో ఎవరు ఏమి చెప్పారన్నది ఇంతవరకూ తేలలేదు కనుక, ఈసారి వ్యవహారమంతా ఉత్తరాలలోనే నడపాలని నా మనవి. ఫోనులో పలికిన మాటకు సాక్ష్యం ఉండదు. పైగా మొన్న నేను రిసీవరు తీగను లాగి బానెట్ దగ్గర పెట్టినప్పుడు మీరు పావుగంట విని రోగనిర్ధారణ చేసినది ఎదురింటివారి పిండిమరకు అని తరువాత తెలిసింది.

తగు ఆదేశాలు ఇప్పించగలరు.

విధేయుడు,
రాజ్ కుమార్
ప్రధానోపాధ్యాయుడు మరియు సంఘ గానబృంద నాయకుడు

*

ఏలూరు,
17 అక్టోబరు 2003

తమ్ముడు రాజ్ కుమార్‌కు,

నీ ఉత్తరం అందింది. కాలు కుర్చీ మీద పెట్టుకుని రెండుసార్లు చదివాను. అందులో నా పాదం గురించి పది వాక్యాలంత వెటకారం, శబ్దం గురించి ఒక్క ముక్క ఉన్నాయి. "టకటకమని" అంటే నాకు ఏమి తెలియాలి? టైపు మిషను కూడా టకటకమనే అంటుంది. మరొక విషయం, ఆ పిండిమరకు నేను చెప్పిన లోపం నిజంగానే ఉంది. వాళ్ళు బెల్టు మార్చుకున్నారో లేదో కనుక్కో.

ఇప్పుడు శ్రద్ధగా చదువు. ఇంజను కింది భాగంలో క్రాంకు షాఫ్టు అనే ఇరుసు తిరుగుతుంది. పై భాగంలో వాల్వులు లేచి పడుతుంటాయి. క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒక్కొక్క వాల్వు ఒక్కసారే లేస్తుంది. కాబట్టి చెడు దెబ్బ చుట్టుకొకటి చొప్పున తొందరగా పడుతుంటే జబ్బు కిందిది. బేరింగు పోయిందనో, ఇంజనుకు ఒళ్ళు లాంటి ఇనుప దిమ్మే పగిలిందనో అనుమానించాలి. రెండు చుట్లకొకటి చొప్పున నిదానంగా పడుతుంటే జబ్బు పైది. వాల్వుల దగ్గర సందు సరిచేస్తే పోతుంది. అది అరపూట పని. ఇంజను బతుకుతుందా లేదా అన్నది ఈ ఒక్క తేడాలో ఉంది.

గడియారం పెట్టి లెక్కపెట్టమంటే నీ వల్ల కాదు. నీ బడి గంట ఏనాడైనా వేళకు మోగిందా? కానీ నీకు తాళం వచ్చు. అందుకు మాత్రం నిన్ను చూసి గర్వపడతాను. మన సంఘాలన్నిటిలోనూ పాడే ఊరేగింపు పాట ఉంది కదా, ఇంజనును స్లోలో పెట్టి దాని పక్కన నిలబడి ఆ పాట పాడు. ఒక్కొక్క తాళానికి ఎన్ని దెబ్బలు పడుతున్నాయో లెక్కించి రాయి. రేడియేటరులో నీళ్ళు తగ్గుతున్నాయేమో కూడా చూడు.

రత్నానికి నా దీవెనలు. ఆవకాయ అందింది. నీ కంటే ముందుగా ఆమే నా కాలి సంగతి అడుగుతూ రాసింది.

అక్క,
క్రిస్టినా

*

పెంటపాడు,
24 అక్టోబరు 2003

గౌరవనీయులైన అక్కగారికి వందనములు.

తమ ఆదేశానుసారం పరీక్ష జరిపించడమైనది. ఒక్కడినే పాడితే పక్షపాతం ఉందని అంటారేమోనని గానబృందాన్ని మొత్తం పిలిపించాను. షెడ్డు చాలక కారును మా సంఘ దేవాలయం ముందుకు తోయించి, బానెట్ ఎత్తి, ఇంజను నడుస్తుండగా చుట్టూ నిలబడి ఊరేగింపు పాట అన్ని చరణాలూ పాడాం. దారిన పోయేవారు కారుకు బాప్తిస్మం ఇస్తున్నామని అనుకుని సైకిళ్ళు దిగి తలలు వంచారు. వారి భక్తికి భంగం కలిగించడం ఇష్టంలేక ఆఖరి చరణం మరోసారి పాడించాను.

ఫలితం: తాళానికి ఎనిమిది దెబ్బలు. సభ్యులందరూ ఏకగ్రీవంగా అంగీకరించారు. బేస్ గొంతు యేసుదాసు మాత్రం ఏడు అన్నాడు. అతని అసమ్మతిని నమోదు చేసి, వచ్చే ఆదివారం నుంచి అతణ్ణి వెనక వరసలో నిలబెట్టాను. తాళం ఒక్క వీసమెత్తు కూడా అటూ ఇటూ కాలేదని హామీ ఇవ్వగలను. మన నాన్నగారు నేర్పిన తాళం అది. ఈ తాలూకాలో దానిని నిలబెట్టుకున్న సంఘం మాది ఒక్కటే.

రేడియేటరులో నీళ్ళు తగ్గుతున్నాయి. కొంచెమే, కానీ తగ్గుతున్నాయి.

మీకు తెలియజేయకుండానే ఒక ముందడుగు వేశాను, క్షమించాలి. తాడేపల్లిగూడెం నుంచి మెకానిక్ జగ్గారావును పిలిపించాను. ఉల్లిపాయల లారీలు బాగుచేయడంలో అతనికి మంచి పేరుంది. బానెట్ ఎత్తి చూసి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"ఏవండీ మాస్టారూ, దీనికి వైద్యం చేసే వయసు నాకు లేదండి. ఇది మా నాన్న కంటే పెద్దదండి. దణ్ణం పెట్టమంటే పెడతానండి."

నిజంగానే పెట్టి వెళ్ళాడు. టీ తాగలేదు.

అత్తయ్య రోజూ వచ్చి, "అయిందా?" అని అడిగి వెళుతోంది. దేని గురించి అని నేను అడగడం లేదు.

విధేయుడు,
రాజ్ కుమార్

*

ఏలూరు,
30 అక్టోబరు 2003

తమ్ముడూ,

ఈ ఉత్తరం అత్తయ్య లేనప్పుడు చదువు.

నీ లెక్క అందగానే నేను ఊరేగింపు పాటను నోటిలోనే పాడుకుంటూ, బల్ల మీద వేలితో తాళానికి ఎనిమిది చొప్పున దెబ్బలు వేసి చూశాను. మా పక్కింటి హనుమంతరావుగారి భార్య వసుంధరగారు తలుపు తట్టి, "ఏవండీ టీచరుగారూ, గుండె దడగా ఉందా? డాక్టరుగారిని పిలవమంటారా?" అని అడిగారు. అంత తొందరగా ఉంది ఆ దెబ్బ. సందేహం లేదు. చుట్టుకొకటి. జబ్బు కిందిది.

దానికి తోడు నీళ్ళు తగ్గుతున్నాయంటున్నావు. ఇంజను దిమ్మెకు పగులు ఉండి, నీళ్ళు కారిపోయి, కింది బేరింగులు దెబ్బతిని ఉంటాయి. ఈ రోజు నుంచి ఇంజను స్టార్ట్ చేయవద్దు. పాటలు కూడా వద్దు.

పగులును నిర్ధారించడానికి పాత పద్ధతి ఒకటి ఉంది. దిమ్మె మీది జిడ్డూ పెయింటూ గీకి శుభ్రం చెయ్యి. కిరసనాయిలు బ్రష్షుతో పూసి, కాసేపు నాననిచ్చి, పొడిగుడ్డతో పూర్తిగా తుడిచెయ్యి. తరువాత సుద్దపొడి పలుచగా చల్లు. పగులు ఉంటే, అందులోకి ఇంకిన కిరసనాయిలు మెల్లగా పైకి వచ్చి సుద్ద మీద తడిగీతగా కనిపిస్తుంది. లేకపోతే సుద్ద తెల్లగా ఉండిపోతుంది. కొత్త దిమ్మె దొరకదు. గీత కనిపిస్తే ఆ కారు ఇక షెడ్డు దాటదు.

ఆ కారు ముందు సీటులో కూర్చునే నేను మొదటిసారి ఇంజను మాట విన్నాను. అత్తయ్య గేరు మార్చేటప్పుడల్లా, "ఇప్పుడేమంది?" అని నన్ను అడిగేది. నాకు ఈ ఉద్యోగం వచ్చింది ఆ ప్రశ్న వల్లనే. కాబట్టి సుద్ద తెల్లగా ఉండాలని ప్రార్థించు.

అక్క,
క్రిస్టినా

*

పెంటపాడు,
8 నవంబరు 2003

అక్కగారికి వందనములు.

పరీక్ష పూర్తయింది. పాఠశాల సుద్దముక్కలను సొంతపనికి వాడడం నిబంధనలకు విరుద్ధం కనుక, నా స్వంత ఖర్చుతో ఒక పెట్టె కొని, అది నాదేనని పెట్టె మీద రాసి, తరువాతనే పొడి చేయించాను.

సమయం కలిసివచ్చింది. అత్తయ్య కొల్లేటికోట వెళ్ళింది. విశ్వాసం కూతురికి నెలలు నిండాయట. రికార్డు కోసం రాస్తున్నాను: విశ్వాసం అంటే ఈ కారు వెనక సీటులో పుట్టినవాడు, ఇప్పుడు చేపల చెరువులు చూసుకుంటున్నాడు. కాన్పు ఆసుపత్రిలోనే జరుగుతుంది, డాక్టరమ్మ ఉంది, అయినా అత్తయ్య పక్కన నిలబడితేనే తమకు ధైర్యమని వాళ్ళు పడవ వేసుకుని వచ్చినంత పనిచేసి తీసుకువెళ్ళారు.

రత్నం దిమ్మె గీకింది. నేను కిరసనాయిలు పూశాను. తుడిచి, సుద్ద చల్లి, ఇద్దరం స్టూళ్ళు వేసుకుని కూర్చున్నాం. కొంతసేపటి వరకు తెల్లగానే ఉంది. రత్నం, "చూశారా, ఏమీ లేదండీ" అని లేవబోయింది. అప్పుడు కనిపించింది.

గీత వచ్చింది, అక్కా. దిమ్మె పక్క భాగంలో జానెడు పొడవున, వంకరగా. ఆ గీత పొడవునా దగ్గర దగ్గరగా గుండ్రటి చుక్కలు కూడా వరసగా లేచాయి. ఒక్కొక్కటి మిరియపు గింజంత. వాటి అర్థం నాకు తెలియదు. మీకు తెలిస్తే మంచిదో చెడ్డదో మెల్లగా రాయండి.

రత్నం కొంగుతో ముక్కు మూసుకుంది. కిరసనాయిలు వాసనకని చెప్పింది. నేనూ అదే కారణం చెప్పాను.

అత్తయ్యకు ఏమి చెప్పాలి?

రాజ్ కుమార్

*

ఏలూరు,
14 నవంబరు 2003

తమ్ముడూ,

చుక్కలు అంటే ఇనుము లోపలంతా గుల్లబారిందని. ఇది ఒకచోట మొదలై ఆగిన పగులు కాదు. నేను చదివిన పుస్తకాలు రెండు తిరగేశాను, మా శాఖాధిపతిగారిని ఇంటికి పిలిపించి అడిగాను. ఇద్దరం ఒకే మాట అనుకున్నాం. వ్రాతపూర్వకంగా ఇంతకంటే చెప్పలేను.

ఉత్సవ సంఘం కార్యదర్శి జీవన్‌గారితో మాట్లాడాను. అత్తయ్య కోసం ఏసీ కారు పంపుతారు. ఆహ్వాన పత్రికలో కూడా ఆ మాట వేయిస్తామన్నారు. వద్దన్నాను. వేసేశారు.

అత్తయ్యకు ఈ సంగతి నువ్వే చెప్పాలి. నేను కాలు విరిగినదాన్ని.

ఆమె కోపగించుకుంటే భయపడకు. కోపగించుకోకుండా, "సరేలే" అని లోపలికి వెళ్ళిపోతేనే నాకు వెంటనే రాయి.

క్రిస్టినా

*

పెంటపాడు,
23 నవంబరు 2003

అక్కగారికి అత్యవసరం.

జరిగినది జరిగినట్టు రాస్తున్నాను. నా అభిప్రాయాలను చివర్లో వేరుగా తెలియజేస్తాను.

అత్తయ్య నిన్న మధ్యాహ్నం కొల్లేటికోట నుంచి వచ్చింది. విశ్వాసం కూతురికి ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. చేతిలో ఎండు రొయ్యల సంచితో బస్సు దిగి నేరుగా షెడ్డుకు వెళ్ళింది. నేను చెప్పవలసిన మాటలను నాలుగు పేరాలుగా రాసుకుని జేబులో పెట్టుకుని వెనకే వెళ్ళాను. మొదటి పేరా తీసేలోగానే ఆమె బానెట్ ఎత్తింది.

"ఎవర్రా నా బండికి పౌడరు పూసింది?"

"అత్తయ్యా, అది... విచారకరమైన ఒక పరిస్థితిలో... పగులు కనిపించింది."

"కనిపించక? నలభై అయిదేళ్ళ నుంచీ ఉంటేను!"

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"మరి ఈ చుక్కలో? లోపలంతా గుల్లబారిందని అక్క రాసింది."

"గుల్లేంట్రా నీ మొహం. అవి కుట్లు. కుట్టు కనిపిస్తే కుట్టు అనాలి గానీ గుల్ల అంటారా? మిషన్ వర్క్‌షాపులో వేయించా. పగులు పొడుగూతా చిల్లులు పెట్టి, ఒకదాన్ని ఒకటి కరుచుకునేట్టు ఇనప మేకులు బిగించి, అరగదీసి రంగేశారు. దీపం నేనే పట్టుకున్నా. ఆ కుట్ల దగ్గర బండి వేడెక్కినప్పుడల్లా చుక్కా చుక్కా చెమట పడుతుంది. నేను రోజూ లోటాడు నీళ్ళు పోస్తూనే ఉన్నా. ఎప్పుడన్నా అడిగారా మీరు?"

ఆ పగులు ఎలా వచ్చిందో అప్పుడు చెప్పింది. మనకెవరికీ ఎన్నడూ చెప్పలేదు, అక్కా. విశ్వాసం తల్లి వెంకటనరసమ్మకు నొప్పులు మొదలై, బిడ్డ అడ్డం తిరిగాడని పడవ మీద గట్టుకు చేర్చారట. ఏలూరు ఆసుపత్రికి తీసుకువస్తుంటే దారిలో ఇంజను కుతకుత ఉడికింది. చల్లారేదాకా ఆగాలి. కాలుతున్న ఇనుము మీద చన్నీళ్ళు పోస్తే పగులుతుందని అత్తయ్యకు తెలుసు. మిషన్ డాక్టరుగారు తాళంచెవి చేతిలో పెడుతూ చెప్పిన మొదటి మాటే అదట.

"మరి ఏం చేశావు?"

"కాలవలోంచి చేద ముంచి పోశా. టప్పుమంది. పగిలిందని అప్పుడే తెలుసు. ఆగితే ఇంజను దక్కేది, ఆ మనిషి దక్కేది కాదు. పద అని తోలుకొచ్చేశా. ఆసుపత్రి గేటు కనిపిస్తుండగా ఇక లాభం లేదని బండి ఆపి, వెనక సీట్లోనే బిడ్డను తిప్పి తీశా. అది నా కారుకి తగిలిన దెబ్బ కాదురా. అది దాని పతకం. నువ్వు దాని మీద సుద్ద చల్లి ఏడుస్తున్నావు."

నేను ఏడవలేదని రికార్డు చేయవలసిందిగా కోరుతున్నాను.

తరువాత శబ్దం సంగతి అడిగింది. మీ నిర్ధారణ వినిపించాను. అత్తయ్య ఇంట్లోకి వెళ్ళి తన పాత సంచి తెచ్చింది. అందులోంచి, గర్భిణుల పొట్ట మీద ఆనించి బిడ్డ గుండె వినే చెక్క గొట్టం తీసింది. "స్టార్ట్ చెయ్యి" అంది. మీరు వద్దన్నారని చెప్పాను. "మీ అక్కని నేను ఎత్తుకుని తిప్పాను, చెయ్యి" అంది. చేశాను.

వాల్వుల మూత మీద గొట్టం ఆనించి చెవి పెట్టింది. కింద దిమ్మె మీద పెట్టింది. మళ్ళీ పైన పెట్టింది. నర్సు గడియారం ఎడమచేతిలో పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఇంజను ముందు డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి అలా వంగి వింటుంటే, గోడ అవతల బడిపిల్లలు కూడా అరవడం మానేశారు.

"తొందర దెబ్బ అని ఎవరన్నారు?"

"అక్క. తాళానికి ఎనిమిది."

"ఏ తాళం?"

"ఊరేగింపు పాట తాళం, అత్తయ్యా."

"ఎవరి ఊరేగింపు పాట? మీదా, ఏలూరోళ్ళదా?"

"మాదే" అన్నాను. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. గొట్టం కింద పడిపోయేంతగా నవ్వింది.

"ఒరే రాజూ, మీ పెంటపాడోళ్ళు ఆ పాట పాడి ముగించేలోగా నేను ఒక పురుడు పోసి, బిడ్డకు నీళ్ళు పోయించి, టీ తాగేదాన్ని. ఏలూరోళ్ళేమో రైలు అందుకోవాలన్నట్టు పాడతారు. మీరు ఒక తాళం వేసేలోగా వాళ్ళు రెండు వేస్తారు. మీ అక్క తన తాళంతో లెక్కేసుకుంది. కొత్త నర్సులు చేసే మొదటి తప్పు ఇదే. పొట్ట మీద గొట్టం పెట్టి, వినిపించిందల్లా బిడ్డ గుండే అనుకుంటారు. అందుకే తల్లి నాడి ఇంకో చేత్తో పట్టుకోమని చెప్పేదాన్ని. నిదానంగా కొట్టుకునేది తల్లిది. దానికి రెండింతలు తొందరగా కొట్టుకునేది బిడ్డది. మీ అక్క తల్లి నాడి విని బిడ్డ గుండె అనేసింది. చప్పుడు పైది. వాల్వులు బిగించమని రాయి."

ఏసీ కారు సంగతి కూడా అప్పుడే చెప్పేశాను. ఆమె, "సరేలే" అనలేదు. కాబట్టి మీరు కంగారు పడవలసిన పని లేదు. ఏమన్నదో మాత్రం రాయలేను, నేను సంఘపెద్దను.

ఇక నా అభిప్రాయాలు. మా తాళాన్ని గురించి అత్తయ్య చేసిన వ్యాఖ్యలను రికార్డుల నుంచి తొలగించాలి. మా తాళం నిదానం కాదు, గంభీరం.

విధేయుడు,
రాజ్ కుమార్

*

ఏలూరు,
28 నవంబరు 2003

తమ్ముడూ,

మీ తాళాన్ని బల్ల మీద వేసి చూశాను. మధ్యలో రెండుసార్లు పాట ఆగిపోయిందేమోనని సందేహం కలిగింది. అయినా అత్తయ్య మాటే నిజం. మీ తాళానికి ఎనిమిది దెబ్బలంటే రెండు చుట్లకొకటి. చప్పుడు వాల్వులదే.

ఏ ఊరి తాళమో అడగకుండా లెక్కకట్టడం నా తప్పు. చెప్పకుండా పంపడం నీ తప్పు. పాట ఒకటే కదా అనుకున్నాం ఇద్దరం. మా శాఖాధిపతిగారికి ఈ భాగం నేను వివరించలేదు, వివరించను కూడా.

దీనితో ఫీలర్ గేజి పంపుతున్నాను. పల్చటి ఇనుప రేకుల కట్ట అది. నేను గుర్తుపెట్టిన రేకును, ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఒక్కొక్క వాల్వు సందులో పెట్టు. కొంచెం పట్టి పట్టనట్టు జరగాలి. వదులుగా జారితే బిగించు. అసలు దూరకపోతే సడలించు. బిగించడంలో నీ గంభీరం చూపించకు. జగ్గారావును పక్కన నిలబెట్టుకో. ఈసారి దణ్ణం కాకుండా స్పానరు పట్టుకోమను.

కుట్లను గుల్ల అన్నందుకు అత్తయ్యకు వేరే ఉత్తరం రాశాను. దానిని నువ్వు చదవకూడదు.

ఏసీ కారును రద్దు చేయమని కర్ర పట్టుకుని జీవన్‌గారి ఇంటికి వెళ్ళాను. ఆహ్వాన పత్రికలో అచ్చయిపోయింది కనుక కారు రావలసిందేనన్నారు. వెనకాల ఖాళీగా వస్తుందట. అత్తయ్యకు చెప్పి చూడు.

అక్క,
క్రిస్టినా

*

పెంటపాడు,
7 డిసెంబరు 2003

అక్కగారికి వందనములు.

వాల్వులు సరిచేయడమైనది. జగ్గారావు స్పానరు పట్టుకున్నాడు, నేను రేకు పట్టుకున్నాను, అత్తయ్య గొట్టం పట్టుకుంది. మూడో వాల్వు దగ్గర, "అదిగో, అదే" అంది. దాని సందు రేకుకు రెట్టింపు ఉంది. బిగించి స్టార్ట్ చేశాక షెడ్డులో ఎంత నిశ్శబ్దం అలుముకుందంటే, ఎదురింటి పిండిమర నాకు మొదటిసారి విడిగా వినిపించింది. వాళ్ళు బెల్టు మార్చుకోలేదు.

జగ్గారావు, "ఏవండీ అమ్మగారూ, ఆ గొట్టం ఎక్కడ దొరుకుద్దండి? మా షెడ్డుకి ఒకటి కావాలండి" అన్నాడు. అత్తయ్య అతణ్ణి పైనుంచి కింది దాకా చూసి, "ముందు మూడేళ్ళు ట్రైనింగు" అంది.

ఏసీ కారును ఆమె అంగీకరించింది. దానిలో ఎండు రొయ్యల సంచీ, టిఫిన్ క్యారియర్లూ వస్తాయి.

నన్ను మాత్రం కారు ఎక్కించుకోనంది. ముందు సీటులో వెంకటనరసమ్మగారు, వెనక విశ్వాసం, అతని కూతురు, పసిబిడ్డ. "నువ్వు ఎక్కితే దారి పొడుగునా డోరు మీద తాళం వేస్తావు, నాకు ఇంజను వినిపించదు" అని కారణం చెప్పింది. ఆ రోజున మా సంఘంలో బాప్తిస్మాలు ఉన్నందున నేను ఎలాగూ రాలేనని తెలియజేశాను. ఇది నిజమే. కాబట్టి ఆ రోజు ఏమి జరిగిందో మీరు ఒక్క ముక్క వదలకుండా రాయాలి.

సుద్ద తుడవబోతే చెయ్యి పట్టుకుంది. అలాగే ఉండాలట.

రాజ్ కుమార్

*

ఏలూరు,
14 డిసెంబరు 2003

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు కోరినట్టు అన్నీ రాస్తున్నాను.

పొద్దున్నే ఆసుపత్రి గేటు దగ్గర షామియానా వేశారు. కాలి కట్టు తీశారు కనుక, కర్ర మీద ఆనుకుని గానబృందంలో నా చోట నేను నిలబడ్డాను. కారు గేటులోంచి వేదిక దగ్గరకు వచ్చేదాకా ఊరేగింపు పాట పాడాలని ఏర్పాటు. అందరూ రోడ్డు వైపు చూస్తున్నారు. నేను చూడలేదు, విన్నాను. జీవన్‌గారు, "ఇంకా రాలేదండీ" అంటుండగానే, "వస్తోంది" అన్నాను. లారీల మధ్య నుంచి ఆ ఇంజను మాట తెలిసిపోయింది. ఒక్క అపశ్రుతి లేదు. అత్తయ్య పక్కన కూర్చున్నట్టు, "ఇప్పుడేమంది?" అని నన్ను నేనే అడిగాను. బాగున్నానంది.

గేటు ముందు అత్తయ్య కారు ఆపింది. జనం అందరూ దారి ఇచ్చినా లోపలికి రాలేదు. అద్దం దించి వెనక్కి తిరిగి, "విశ్వాసం, ఇక్కడేరా" అంది. నలభై అయిదేళ్ళ మనిషి, మీసాలవాడు, కారులోంచి తల బయటపెట్టి ఆ నేలను చూశాడు. వెంకటనరసమ్మగారు అత్తయ్య భుజం మీద చెయ్యి వేసి ఉంచారు. తరువాత కారు లోపలికి కదిలింది. వెనకాల ఏసీ కారు రొయ్యల వాసనతో భక్తిగా అనుసరించింది.

వేదిక దగ్గర బానెట్ ఎత్తించింది. సన్మానపు శాలువా కప్పబోతే, "ముందు దానికి" అంది. శాలువా బానెట్ మీద వేశారు. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్ద డాక్టరుగారు వంగి, సుద్దలో ఉన్న గీతను చూసి, "ఇది ఎప్పటి పగులమ్మా?" అని అడిగారు. అత్తయ్య విశ్వాసాన్ని ముందుకు లాగి, "ఇదిగోనండీ, వీడి వయసు" అంది. తరువాత నర్సు విద్యార్థినులు అందరూ వరసగా వచ్చి ఆ కుట్లను వేలితో తాకి వెళ్ళారు. "నేను వేసిన కుట్టు గానీ, నేను దీపం పట్టిన కుట్టు గానీ ఇంతవరకూ విప్పుకోలేదు" అని ఒక్కొక్కరికీ చెప్పింది. ఉపన్యాసం ఇవ్వమంటే, చెప్పవలసింది చెప్పేశానంది.

చివరగా ఒక విషయం ఉంది. గేటు నుంచి వేదిక దాకా అత్తయ్య పసిబిడ్డ లేవకుండా ఫస్ట్ గేరులో, నడిచే మనిషి కంటే మెల్లగా వచ్చింది. మా పాట ఆమె సగం దూరం రాకముందే అయిపోయింది. మళ్ళీ ఎత్తుకున్నాం. అదీ ముందే అయిపోయేట్టుంది. మా నాయకుడు చెమటలు కక్కుతూ నా వైపు చూశాడు. నేను కర్రతో నేల మీద తాళం వేసి చూపించాను. మన నాన్నగారి తాళం. అందరూ దానిలోకి వచ్చారు. ఇంజను చప్పుడు ఆ తాళంలో సరిగ్గా ఇమిడింది, చివరి మాట పలికినప్పుడు కారు వేదిక ముందు ఆగింది.

ఏలూరు గానబృందం ఈ రోజు పెంటపాడు తాళంలో పాడింది. ఈ మాట ఫోను చేసి చెప్పవచ్చు. రికార్డు ఉండాలని రాసి ఇస్తున్నాను.

నీ అక్క,
క్రిస్టినా